జనం నాడి పట్టే పనికి బీటెక్కే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ ఫైనలియర్. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. సోషల్ మీడియాలో జనం ఏమనుకుంటున్నారో ఏఐతో పసిగట్టే పని నేర్చుకుంటానంటోంది. బీటెక్ చేయించలేదని నాకు ఒకటే టెన్షన్. ఈ దారిలో పంపొచ్చా?

జవాబు: పంపండి. స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

వేల కామెంట్లు ఇచ్చి, ఏది మెచ్చుకోలో ఏది తిట్టో విడదీయమంటే లాంగ్వేజ్ మోడల్, అంటే భాష నేర్చిన ఏఐ, చకచకా చేసేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. ‘యాక్టింగ్‌తో చంపేశాడు’ అంటే పొగడ్త. ‘రెండున్నర గంటలు చంపేశాడు’ అంటే టికెట్ డబ్బులు పోయాయన్న బాధ. నీళ్లు నిలిచిన రోడ్డు ఫొటో కింద ‘సూపర్ సార్, పడవలు కూడా ఇప్పించండి’ అని ఎవరో రాస్తే, మోడల్ దాన్ని సంతృప్తి కింద లెక్కేసే ప్రమాదం ఉంది. పైగా మనవాళ్లు చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, ఒకే మాటకు నాలుగు స్పెల్లింగులు. గూగుల్ వాళ్ల మ్యూరిల్ మోడల్‌కి ఇలాంటి రాత కూడా నేర్పారు. అయినా అది ఎక్కడ పొరబడిందో పట్టుకోవాలంటే తెలుగు ఒంటబట్టిన మనిషే కావాలి.

అంతకంటే ముఖ్యం, ఆ కామెంట్లు ఎవరివి? 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు, ఎవరికి ఓటేస్తారో చెప్పమని లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని చూసి లాండన్ గెలుస్తాడని రాసింది. తీరా చూస్తే ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి అడ్రసులు తీసుకోవడం, ఇష్టమైనవాళ్లే జవాబు పంపడం దాని కొంప ముంచాయి. అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు విజేతను సరిగ్గా చెప్పాడు. ఇవాళ కూడా ఒకడే పది ఖాతాలతో రాయొచ్చు, పింఛను కోసం లైన్లో నిలబడ్డ ముసలమ్మ ఒక్క ముక్కా రాయదు. రాయనివాళ్ల మనసు ఏ మోడలూ చెప్పలేదు. కొద్దిమందిని ఎలా ఎంచుకుని అడిగితే అందరి మాటా తెలుస్తుందో చెప్పే శాంప్లింగ్ పాఠం మీ అమ్మాయి చదువుతోంది, అది ఇక్కడే అక్కరకొస్తుంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచిత పాఠాలున్నాయి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి ఉస్మానియా అయితే సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ ఎంట్రన్స్ రాయాలి. మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు, మీడియా, రాజకీయ సర్వే సంస్థలు ఈ పని చేయిస్తుంటాయి. ఒక్క మాట గట్టిగా చెప్పండి: దొంగ ఖాతాలతో అభిప్రాయాన్ని పుట్టించమనే ఆఫీసు ఎంత జీతమిచ్చినా చేరొద్దు.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చోండి. ఏదైనా ఒక విషయం మీద 200 తెలుగు కామెంట్లు, పేర్లు తీసేసి, రాసుకోండి. తనొకసారి, మీరొకసారి, ఒకరిది ఒకరు చూడకుండా ‘మంచి, చెడు, రెండూ కాదు’ అని గుర్తు పెట్టండి. ఎన్నింట్లో మీ ఇద్దరికీ కుదరలేదో లెక్కపెట్టి, ఆ తర్వాత అవే మోడల్‌కి ఇవ్వమనండి.