ఎత్తుకు లోతు ఉంటుందా?

సందేహం: చదరంగం బోర్డు మీది ఒక స్థితిని ఇంజన్‌కిచ్చి (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) గంటసేపు నడిపాను. తెర మీద 'డెప్త్ 40' అని వచ్చింది. 'ఇంజన్ నలభై ఎత్తుల లోతు చూసింది' అని రాస్తే, ఎత్తుకు లోతేమిటని మిత్రుడు నవ్వాడు. 'కదలికలు' అనాలా? 'స్థితిని నేను విశ్లేషించాను' అన్నదీ తప్పేనట. నిజమేనా?

సమాధానం: ఆయన్ని నవ్వనివ్వండి, మీ మాట మార్చకండి. చెట్టు ఎత్తు, చదరంగం ఎత్తు ఒకే ధాతువు నుంచి వచ్చినా ఎప్పుడో దారులు వేరయ్యాయి. కాయను ఎత్తి వేరే గడిలో పెడతాం కాబట్టి అది ఎత్తు అయిందనిపిస్తుంది. 'వాడి ఎత్తు పారలేదు' అన్నప్పుడు ఎవరికైనా కొలత గుర్తొస్తుందా? ఇక 'కదలిక'లో ఆలోచన లేదు. ఆకు గాలికి కదిలినా కదలికే.

అసలు 'డెప్త్ 40'కి 'ఎత్తు' అనే మాట మరీ బాగా అతుకుతుంది. ఇంజన్ లెక్కలో తెల్లపావు కదిపితే ఒకటి, దానికి నల్లవారి జవాబు ఇంకొకటి. మనం 'ఎత్తుకు పైఎత్తు' అంటామే, ఆ జంటను ఇంజన్ రెండుగా లెక్కిస్తుంది. అంటే మీ నలభైలో ఒక్కొక్కరికి ఇరవయ్యే. చిక్కల్లా పత్రికల వాడుకతోనే. '40 ఎత్తుల్లో గెలిచాడు' అంటే అక్కడ గెలిచినవాడు వేసినవే నలభై. అందుకే 'ఇరువైపులా కలిపి నలభై ఎత్తుల లోతు' అని రాస్తే గొడవ ఉండదు.

లోతు అన్న మాట ఎంత బరువైనదో చూడండి. ఆట మొదట్లో తెల్లవారికి 20 ఎత్తులున్నాయి. నల్లవారి జవాబు కలిపితే దారులు 400. మూడో ఎత్తుకు 8,902, నాలుగో ఎత్తుకు 1,97,281, ఐదో ఎత్తుకు 48,65,609! ఇంజన్ పనికిరాని దారులను చెట్టు కొమ్మల్లా నరుక్కుంటూ పోతుంది కాబట్టే నలభై దాకా వెళ్లగలుగుతోంది. నరికిన కొమ్మలోనే మంచి ఎత్తు దాగి ఉండే ప్రమాదమూ లేకపోలేదు. కాబట్టి 'నలభై ఎత్తుల దాకా అన్నీ చూసింది' అని మాత్రం రాయకండి. 'కంప్యూటర్ వేగం రెట్టింపు, కాబట్టి లోతూ రెట్టింపు' అన్నదీ తప్పే. కంప్యూటర్‌లో కోర్లు (ఒకేసారి లెక్కలు చేసే భాగాలు) ఎన్ని పెంచినా లోతు కొద్ది ఎత్తులే పెరుగుతుంది. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులు చూసేది. దాని పేరులోనే లోతు ఉంది, మీ మిత్రుడికి చెప్పండి!

'ఎత్తుగడ' సంగతి వేరు. అది ఒక్క ఎత్తు కాదు, కొన్ని ఎత్తుల వెనక ఉన్న పథకం. డెప్త్ లెక్కలో ఈ మాట వాడకండి.

రెండో సందేహంలో మీ మిత్రుడిది సగం నిజం. స్థితిని ఇంజన్‌కిచ్చి మీరు టీ తాగి వచ్చి ఉంటే, విశ్లేషించింది మీరు కాదు. 'ఇంజన్ చేత విశ్లేషింపజేశాను' వ్యాకరణానికి సరిపోతుంది కానీ నోరు తిరగదు. ఆటగాళ్లు 'ఇంజన్‌లో పెట్టి చూశాను' అంటారు, అదే హాయి. అది చూపిన వరుసను మీరు బోర్డు మీద వేసి చూసి, నల్లవారు గుర్రం ఎందుకు తీసుకోలేదో తేల్చుకుని ఉంటే, 'ఇంజన్ సాయంతో విశ్లేషించాను' అని నిశ్చింతగా రాయండి.