నాన్నగారి పాత పికప్ కోసం ఐదు లక్షల లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి 1971 నాటి మహీంద్రా ఎఫ్‌సీ పికప్ సామర్లకోట దగ్గర మా ఊళ్లో, పశువుల పాకలో పదిహేనేళ్లుగా కదలకుండా ఉంది. ఆయన పోయి మూడేళ్లయింది. దాన్ని మళ్లీ నడిపించాలని నా కోరిక. పార్టులు దొరకడం లేదు. ఒక మెకానిక్ ‘పార్టులు నేనే వెతుక్కుంటా, మొత్తం ఐదు లక్షలు, అడ్వాన్స్ రెండు లక్షలు’ అంటున్నాడు. నాకు 46 ఏళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 82 వేలు. హోమ్ లోన్ ఈఎంఐ 24 వేలు. అన్ని ఖర్చులూ, సిప్‌లూ పోగా 12 వేల దాకా మిగులుతుంది. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. పాప ఇంటర్ రెండో సంవత్సరం. బ్యాంకు 13 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకోమంటారా?

జవాబు: లోన్ వద్దండి. బండి సంగతి వేరు, దాన్ని వద్దనను.

ముందు లోన్ లెక్క. ఐదు లక్షలు, 13 శాతం, ఐదేళ్లంటే ఈఎంఐ 11,376 రూపాయలు పడుతుంది. మీకు మిగిలే 12 వేలూ దాదాపుగా అక్కడికే పోతాయి, అదీ పాప బీటెక్ ఫీజులు మొదలయ్యే ఏడాదిలో. చివరికి వడ్డీయే 1.82 లక్షలు దాటుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది, పార్టు మాత్రం దొరికినప్పుడే దొరుకుతుంది. ఆరు నెలలు ఒక డోర్ హ్యాండిల్ కోసం ఎదురుచూస్తూ, ఖర్చు పెట్టని డబ్బుకి వడ్డీ కడుతుంటారు.

పార్టులు దొరకడం లేదన్నారు గానీ ఏవి దొరకడం లేదో రాయలేదు. డబ్బు లెక్కంతా ఉన్నది అక్కడే. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్, ఇందులో డ్రైవర్ ముందు చక్రాల మీద కూర్చుంటాడు, ఇంజను సీట్ల మధ్య డబ్బా కింద ఉంటుంది. పైకి చూస్తే బుల్లి లారీలా ఉంటుంది గానీ, కింద ఉన్నది చాలావరకు జీపే. కంపెనీ నుంచి వచ్చిన పెట్రోలు ఇంజనే ఇప్పటికీ ఉంటే అది నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల హరికేన్. సీజే-3బీ జీపులోనూ అదే ఇంజను. మహీంద్రా వాళ్లు ఆ జీపుని దశాబ్దాల పాటు చేశారు. కాబట్టి గ్యాస్కెట్లు, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేటు, వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేకుని పనిచేయించే భాగం) కోసం టెన్షన్ పడక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ తిరిగితే కొత్తవో పాతవో దొరికే అవకాశం బాగానే ఉంది. అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి ఉన్నాయి. జీపులు కట్టడానికి పేరుపడ్డ హర్యానాలోని మండీ డబ్వాలీ ఉండనే ఉంది.

జీపు నుంచి తెచ్చి పెట్టలేనిది క్యాబిన్. తలుపులు, గ్రిల్, హ్యాండిళ్లు, ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు, ఇవన్నీ ఎఫ్‌సీకే ప్రత్యేకం. రేకు పని కొంతవరకు మంచి టింకరింగ్ మేస్త్రీ చేతిలో అవుతుంది, మిగతావి పాత ఎఫ్‌సీ నుంచి ఊడదీసుకోవాల్సిందే. చాలామంది ఉత్సాహం కొద్దీ ముందు ఇంజను సామాను కొని మూల పడేస్తారు. అది వచ్చే ఏడూ దొరుకుతుంది. క్యాబిన్ పార్టు కనపడిన రోజే కొనాలి. తుక్కుకి పోబోతున్న ఇంకో ఎఫ్‌సీ కనపడితే ఇనుము తూకం ధర అడిగి మొత్తంగా బేరమాడండి. కావలసినవి తీసుకుని మిగతాది మళ్లీ తుక్కుకే అమ్మితే కొంత వెనక్కి వస్తుంది. ఆ బండి కాగితాలు చూడకుండా మాత్రం చేయి వేయకండి.

ఒక అనుభవం. మా నాన్నగారి లాంబ్రెటా స్కూటర్‌కి స్పీడోమీటర్ ఫొటో చూసి, ముందే డబ్బు పంపి తెప్పించాను. ఫొటోలో మెరిసిపోయింది. వచ్చాక చూస్తే హెడ్‌లైట్ గూటిలో పట్టలేదు, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. రెండోసారి పాతది గుడ్డ సంచిలో వేసుకుని నేనే వెళ్లాను. కొట్టాయన నేను చెప్పే మోడల్ పేరు వినిపించుకోలేదు, ‘శాంపిల్ తెచ్చారా’ అన్నాడు. సంచిలోది తీసిస్తే లోపలికెళ్లి ఐదు నిమిషాల్లో జోడీ పట్టుకొచ్చాడు. రెండు స్పీడోమీటర్ల డబ్బుతో ఒకటి కొన్నాను.

ఇక డబ్బు. నెలకు 6 వేలు విడిగా ఒక ఖాతాలో వేయండి, ఏడాదికి 72 వేలు. లిక్విడ్ ఫండ్ (తొందరగా వెనక్కి తీసుకోగల, రిస్కు తక్కువ ఉన్న మ్యూచువల్ ఫండ్) గానీ, ఆటో స్వీప్ (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి పోయే ఏర్పాటు) ఉన్న సేవింగ్స్ ఖాతా గానీ చాలు. షేర్ల ఫండ్ వద్దు. పార్టు కనపడిన రోజున మార్కెట్ పడి ఉంటే మీకే బాధ. బోనస్ వస్తే అందులో సగం కలపండి. మిగిలే 6 వేలు పాప ఫీజుల వైపు. ఎఫ్‌డీలో ఉన్న 3 లక్షలు ఆపదకి ఉంచుకున్నవి, వాటి జోలికి పోకండి. పని మూడు నాలుగేళ్లు పడుతుంది, పట్టనివ్వండి. అమ్మితే పెట్టింది తిరిగొస్తుందా అని లెక్క వేయకండి, దీన్ని ఖర్చు కిందే రాసుకోండి.

నట్టు కూడా కొనకముందే కాగితాలు చూడాలి. ఎఫ్‌సీకి ఎఫ్‌సీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సంగతి చెబుతున్నా). సరుకు బండి కాబట్టి ట్యాక్స్ బకాయి ఎంతుందో, బండి వాడటం లేదని మీ నాన్నగారు రాసిచ్చారో లేదో ఆర్‌టీఓలో కనుక్కోండి. ఆయన పేరు నుంచి మీ పేరుకి మార్చడానికి ఫారం 31. 2021 వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కిరాయికి గానీ రోజువారీ తిరగడానికి గానీ వాడకూడదు. సరుకు బండిగా రాసి ఉన్న మీ ఆర్‌సీకి ఇది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. పెట్రోలు ధరలు పెరిగాక చాలా జీపుల్లో ఇంజను తీసి డీజిల్ పెట్టించారు. మీ నాన్నగారు అలా చేసి ఉంటే, ఆర్‌సీలోని ఇంజను నంబరూ బండి మీదిదీ కలవవు. అప్పుడు కథే మారిపోతుంది.

మెకానిక్‌తో తగవు వద్దు. ‘పార్టులు నేను తెస్తాను, మీరు పనికి కూలీ తీసుకోండి’ అనండి. మొదటి పనిగా బ్రేకులు, ఇంజను తిరిగేలా చేయడం అప్పగించి, అది అయ్యాకే డబ్బు ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి. పెయింటు మాట ఇప్పుడే ఎత్తనివ్వకండి.

ఈసారి ఊరెళ్లినప్పుడు ఛాసిస్ నంబరు ప్లేటు తుడిచి ఫొటో తీసుకోండి, ఇంజను నంబరు కూడా. వచ్చేటప్పుడు ఒక వీల్ సిలిండర్ విప్పించి సంచిలో వేసుకోండి.