విటమిన్ డి గ్రాఫ్‌లో వంపు: ముందు వయసుతో పరీక్షించండి

విటమిన్ డి బాగా తక్కువున్న గ్రూపులో మాత్రమే మరణాల రిస్క్ తగ్గుతున్నట్టు మీ నాన్‌లీనియర్ మెండేలియన్ రాండమైజేషన్‌లో (జన్యువుల తేడాలను వాడి, విటమిన్ స్థాయిని బట్టి దాని ప్రభావం ఎలా మారుతుందో చూసే విశ్లేషణ) వచ్చిందని, నమ్మవచ్చా అని అడిగారు. ఇప్పుడే నమ్మకండి.

మీరు వాడిన రెసిడ్యువల్ పద్ధతి (జన్యువుల వాటా తీసేశాక మిగిలిన విటమిన్ స్థాయిని బట్టి మనుషులను గ్రూపులుగా విడగొట్టేది), జన్యువుల వల్ల విటమిన్ స్థాయిలో వచ్చే తేడా అందరిలో ఒకేలా ఉంటుందని అనుకుంటుంది. విటమిన్ డి విషయంలో అది నిలవదు. 2021లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీలో వచ్చిన పెద్ద అధ్యయనం సరిగ్గా ఇక్కడే దెబ్బతింది. దాన్ని వెనక్కి తీసుకుని, వేరే పద్ధతితో మళ్లీ లెక్కగట్టి ప్రచురించారు. మొదట కనిపించిన ప్రయోజనం నిలబడలేదు.

ఆ వేరే పద్ధతి పేరు డబుల్లీ ర్యాంక్డ్. మొదట అందరినీ జన్యు స్కోరు (జన్యువులను బట్టి విటమిన్ డి ఎంత ఉండొచ్చో చెప్పే అంచనా) వరసలో పెట్టి, దగ్గర స్కోర్లున్నవాళ్లను చిన్న జట్లుగా విడగొట్టండి. ఒక్కో జట్టులో విటమిన్ స్థాయిని బట్టి మళ్లీ వరస పెట్టండి. అన్ని జట్లలోని మొదటివాళ్లంతా ఒక స్ట్రాటమ్ (అంటే విడిగా లెక్కగట్టే గ్రూపు), రెండోవాళ్లంతా ఇంకోటి, అలా.

అంతకంటే ముఖ్యం: ప్రతి స్ట్రాటమ్‌లో మరణం బదులు వయసు, లింగం పెట్టి అదే విశ్లేషణ నడపండి. విటమిన్ ఎవరి వయసునూ మార్చదు కదా! అక్కడ ప్రభావం కనిపిస్తే తప్పు గ్రూపుల విభజనలోనే ఉండొచ్చు. డబుల్లీ ర్యాంక్డ్‌కైనా ఈ పరీక్ష తప్పనిసరి, అదీ కొన్నిసార్లు ఫెయిలవుతుంది.