నీట్‌లో 412 వచ్చినాయి, రెండెకరాలు అమ్మి పాపను ఫారిన్ పంపాల్నా?

2025 నీట్ (ఎంబీబీఎస్ సీటుకి రాసే పరీక్ష) రిజల్ట్ వచ్చిన కొత్తలో, కర్నూలు జిల్లా పత్తికొండ పక్క పల్లె నుంచి ఒక రైతన్న పెద్ద మెసేజ్ పెట్టినాడు, ఇది ఆయనకి అప్పుడు రాసిన జవాబు. పాప పదో తరగతి దాకా జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ కర్నూల్లో హాస్టల్లో ఉండి ఇంగ్లీష్ మీడియం. 2025 నీట్‌లో 412 వచ్చినాయి, బీసీ-బి. రిజల్ట్ వచ్చిన మూడో రోజే ఒక కన్సల్టెన్సీ ఆయన ఇంటికే వచ్చి పాతిక లక్షల్లో ఫారిన్‌లో ఎంబీబీఎస్ అంటాడు, బావమరిదేమో విజయవాడలో లాంగ్ టర్మ్ (ఏడాది మళ్ళీ నీట్ కోచింగ్) వేయమంటాడు, ఇంకొకరు ఆడపిల్లకి ఇంకో ఏడాది ఎందుకు అంటారు. పాప సరిగా అన్నం తినడంలేదు, ఎవురితోనూ మాట్లాడడంలేదు. చిన్నోడు తొమ్మిదికి వచ్చినాడు, వాన్ని ఇప్పుడే హైదరాబాద్‌లో వేస్తే అక్కకి జరిగినట్ల వానికి జరగదు కదా అని కూడా అడిగినాడు. ఓఎంఆర్ (పాప జవాబులు దిద్దిన షీటు) కాపీ ఫోటోలు కూడా పంపినాడు, అది చాలా మంచి పని చేసినాడు.

అన్నా, మొదట పొలం సంగతి. ఇప్పుడు అమ్మొద్దు. కౌన్సెలింగ్ ఇంకా మొదలే కాలేదు, అన్ని రౌండ్లూ అయిపోయేదాకా ఎవురికీ అడ్వాన్స్ అని ఒక్క రూపాయి ఇయ్యొద్దు. "ఈ వారంలో కట్టకుంటే సీటు పోతుంది" అనేటోడు మీ పాప గురించి తొందర పడడంలేదు, వాని కమీషన్ గురించి తొందర పడతాండాడు.

412 అంటే ఏంది అనేది చూద్దాం. క్వాలిఫై అయినట్లే, 2025లో జనరల్ కటాఫే 144. కానీ క్వాలిఫై కావడానికి, సీటు రావడానికి మధ్య చాలా దూరం ఉంది, ఈ తేడా తెలీకనే చాలామంది తల్లిదండ్రులు కన్సల్టెన్సీల చేతిలో పడతారు, ఎందుకంటే వాళ్లు చెప్పేది ఒకటే మాట, "మీ అమ్మాయి క్వాలిఫైడ్ సార్" అని. ఇంకోటి, మార్కుల్ని పోయినేడు పిల్లల మార్కులతో పోల్చొద్దు. 2024లో 720కి 720 వచ్చినోళ్లే సవరించిన రిజల్ట్ ప్రకారం 17 మంది, 2025లో టాపర్‌కే 686. ఫిజిక్స్ అంత కష్టంగా ఇచ్చినారు, బాగా చదివే పిల్లలు కూడా ఏడ్చుకుంటా బయటికొచ్చినారు. అందుకని పక్కింటి అబ్బాయికి పోయినేడు 600 వచ్చినాయి మన పాపకి 412 ఏంది అని పాప ముందర అనద్దండి, ఆ పోలికే తప్పు. చూడాల్సింది ర్యాంకు. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వాళ్లు పోయినేడు కన్వీనర్ కోటాలో (ర్యాంకుతో తక్కువ ఫీజుకి వచ్చే సీట్లు) ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు ఇచ్చినారో లిస్టులు ఉంటాయి, దాంట్లో ఎస్వీ యూనివర్సిటీ లోకల్ (మన కర్నూలు వచ్చే ప్రాంతం), బీసీ-బి, అమ్మాయిలు అనే చోట చివరి ర్యాంకు ఎంతో చూసి పాప ర్యాంకు పక్కన పెట్టండి. గవర్నమెంట్ కాలేజీ ఒకటే కాదు, ప్రైవేట్ కాలేజీల్లో కూడా సగం సీట్లు కన్వీనర్ కోటానే, అవి వేరే, లక్షలు పోసే మేనేజ్‌మెంట్ సీట్లు వేరే. నా అంచనా అడిగితే ఈసారి కర్నూలు మెడికల్ కాలేజీ లాంటిచోట కష్టమే, 250 సీట్లున్నా అందరూ మొదట పెట్టేది దాన్నే, దాంట్లో 15 శాతం ఆలిండియా కోటాకి, అంటే దేశమంతటి పిల్లలకి పోతాయి. అయినా రిజిస్ట్రేషన్ మాత్రం ఖచ్చితంగా చేయండి. రాదులే అని అప్లై చేయకుండా ఉండి, చివరి రౌండ్లో తనకంటే వెనక ర్యాంకు పిల్లకి సీటొస్తే తలపట్టుకున్న వాళ్లని నేను చూసినా.

ఇంక అసలు విషయం, పాప ఓఎంఆర్. రాత్రి కూర్చోని కీ పక్కన పెట్టుకోని ఒక్కొక్కటి లెక్కేసినా. బయాలజీ 90లో 68 రైటు, 17 తప్పు, 5 వదిలేసింది, అంటే 255. కెమిస్ట్రీలో 28 రైటు, 15 తప్పు, 97. ఫిజిక్స్‌లో 20 రైటు, 20 తప్పు, 60. మొత్తం 52 తప్పులు. మీరు మెసేజ్‌లో "ఫిజిక్స్ వల్లే పోయింది సార్" అని రాసినారు, అందరూ అదే అంటారు, లాంగ్ టర్మ్ కాలేజీల వాళ్లు కూడా అదే అంటారు. కానీ చూడండన్నా, బయాలజీలోనే 105 మార్కులు పోయినాయి. ఫిజిక్స్‌లో 60 నుంచి 150కి పోవాలంటే కొండ ఎక్కినట్ల, బయాలజీలో 255 నుంచి 320కి పోవడం ఒక ఏడాదిలో అయ్యే పని, ఎందుకంటే ఆ తప్పైన 17 పాప చదవనివి కాదు. నేను ఇరవై ఏండ్లు జువాలజీ చెప్పినోన్ని, ఆ ప్రశ్నలు చూస్తేనే తెలుస్తుంది, ఎక్కువ భాగం జతపరచడం, స్టేట్‌మెంట్లు ఇచ్చి ఏది కరెక్ట్ అని అడిగినవి. అంటే చాప్టర్ వచ్చు, వాక్యం వచ్చినట్ల గుర్తులేదు. ఇంటర్‌లో అకాడమీ పుస్తకం, కాలేజీ మెటీరియల్ చదివింది, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని (11, 12 తరగతులకి సెంట్రల్ వాళ్లు వేసే పుస్తకం) లైన్ బై లైన్ చదవలేదు అనిపిస్తాంది. నీట్‌లో బయాలజీ అడిగేది ఆ పుస్తకంలో వాక్యాల్ని అటు ఇటు తిప్పి, బొమ్మ కింద ఉండే చిన్న అక్షరాలని కూడా వదలరు. మొదట్లో నెలా రెండు నెలలు వేరే మెటీరియల్ అన్నీ మూసి పెట్టి ఈ రెండేండ్ల పుస్తకాలే చదివిస్తే చాలు.

ఫిజిక్స్‌ది వేరే రోగం. మన బైపీసీ పిల్లలు పదో తరగతితో లెక్కలు వదిలేస్తారు, తర్వాత ఇంటర్‌లో ఫిజిక్స్ సారు వెక్టార్లు, లాగరిథమ్స్, డిఫరెన్షియేషన్ అని మొదలుపెడితే వీళ్లకి అర్థంకాక ఫార్ములా బట్టీ పడతారు. పాప తప్పులు కూడా అట్లనే ఉన్నాయి, పెట్టిన ఆప్షన్లు చూస్తే ఫార్ములా సరిగానే పట్టుకోని పవర్లు, యూనిట్ల దగ్గర తప్పినట్లుంది. దీనికి ఇంకో 500 లెక్కలు చేయించడం మందు కాదు. మొదటి మూడు వారాలు రోజుకి ఒక గంట ఉత్త లెక్కలే, త్రికోణమితి, పవర్లు, గ్రాఫులు, కొంచెం డిఫరెన్షియేషన్. తర్వాత యూనిట్లు, కరెంట్, సెమీకండక్టర్లు, అటామ్స్, న్యూక్లియై, ఫోటోఎలక్ట్రిక్ లాంటి చిన్న లెక్కల చాప్టర్లు ముందర గట్టిగా చేసుకోమనండి, రొటేషన్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు. 60 వచ్చే పిల్లకి 100 వస్తే చాలు. కెమిస్ట్రీలో ఇనార్గానిక్ మళ్ళీ ఆ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే, 130 రావాలి. బయాలజీ 320తో అంతా కలిపితే 550. ఇది నేను గాల్లో చెప్పే లెక్క కాదు, పాప పేపర్లోంచి తీసిన లెక్క.

నెగటివ్ మార్కుల గురించి కూడా ఒకమాట, ఎందుకంటే మీరు పాపని "తెలీకుంటే ముట్టొద్దు" అని తిట్టినారంట. రైటుకి 4, తప్పుకి మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలీకుండా గుడ్డిగా పెడితే సగటున పెద్ద లాభమూ లేదు నష్టమూ లేదు. కానీ రెండు ఆప్షన్లు కచ్చితంగా కాదు అని తెలిస్తే మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టడమే లాభం. కాబట్టి పెట్టొద్దు అని చెప్పడం కాదు, ఏది గుడ్డిగా పెట్టింది ఏది సగం తెలిసి పెట్టింది అని ప్రతి మాక్ టెస్ట్ తర్వాత గుర్తులు పెట్టుకుంటే రెండు మూడు నెలల్లో తన అంచనా మీద తనకే నమ్మకం వస్తుంది. మాక్ కూడా మధ్యాహ్నం 2 నుంచి 5 దాకానే రాయాల, పరీక్ష పెట్టేది ఆ టైంలోనే. మే నెల మన కర్నూలు ఎండలో సెంటర్ ముందర గంటసేపు నిలబడి, తిన్న అన్నానికి నిద్ర వచ్చే టైంలో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, దాంట్లోనే బబుల్స్ దిద్దడం, ఇది పొద్దున ఆరింటికి ఏసీ రూంలో రాసే టెస్ట్ మాదిరి ఉండదు.

పాప పదో తరగతి దాకా తెలుగులో చదివింది కదా, అప్లికేషన్‌లో తెలుగు పెట్టుకుంటే ప్రశ్నపత్రం ఇంగ్లీష్, తెలుగు రెండిట్లోనూ ఇస్తారు. బయాలజీలో స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఇంగ్లీష్ వాక్యం తికమక పెట్టినప్పుడు పక్కన తెలుగు చూసుకోవచ్చు. తేడా వస్తే ఇంగ్లీష్‌దే లెక్క, అది గుర్తుంచుకోవాల. తెలుగు పెట్టుకుంటే నామోషీ అని కాలేజీల్లో పిల్లలు అనుకుంటారు, అట్లాంటిదేం లేదప్పా.

ఫారిన్ సంగతి. అక్కడ చదివి మంచి డాక్టర్లు అయినోళ్లు ఉన్నారు, నేను కాదనను. కానీ 2021 నవంబర్ నుంచి ఎన్ఎంసీ (దేశంలో డాక్టర్ చదువుల్ని చూసే నేషనల్ మెడికల్ కమిషన్) రూల్స్ గట్టిగా ఉన్నాయి. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీష్ మీడియంలో, అదే కాలేజీ కింద ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీస్ చేసుకునేదానికి అర్హత ఉండాల, అన్నీ పదేండ్లలో అయిపోవాల. తర్వాత ఇక్కడికొచ్చి ఎఫ్ఎంజీఈ (ఫారిన్‌లో చదివినోళ్లకి పెట్టే పరీక్ష) రాయాల, 300 మార్కులకి 150, చాలా సెషన్లలో రాసినోళ్లలో సగం మంది కూడా పాస్ కావడంలేదు. అది అయినాక ఇక్కడ మళ్ళీ ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ కన్సల్టెన్సీ ఆయన్ని ఇవన్నీ కాగితం మీద రాసిమ్మని అడగండి. నోటితో చెప్పేది చాలా తియ్యగా ఉంటుంది, కాగితం మీద పెట్టమంటే ఫోన్ ఎత్తరు. పాతిక లక్షల్లో టికెట్లు, తిండి, వీసా, మధ్యలో రూపాయి విలువ తగ్గడం ఇవేవీ ఉండవు. రెండెకరాల్లో నీళ్లున్న భూమి మీది, టమోటా రేటు పడిపోయినా పడిపోకున్నా ఏటా ఇంటిల్లిపాదికి అన్నం పెట్టేది అదే కదా.

లాంగ్ టర్మ్ నా వరకు ఒక్క ఏడాది వేయొచ్చు, అయితే పాప "నేను చదువుతా" అని తన నోటితో అంటేనే. విజయవాడలో వేస్తే లోకల్ పోతుందని ఎవురో భయపెట్టినారంట. పోదు. లోకల్ లెక్క ఇంటర్‌తోనే ఆగిపోతుంది, లాంగ్ టర్మ్ యాడ చేసినా దానికి సంబంధం లేదు. కాలేజీ చూసేటప్పుడు పీఆర్వోతో మాట్లాడొద్దండి, సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఇప్పుడు చదివే ఇద్దరు పిల్లలతో మాట్లాడండి, ఫిజిక్స్ ఎవురు చెప్తారు, ఆయన మధ్యలో మానేసి పోయినాడా, ఒక సెక్షన్‌లో ఎంతమంది, తప్పులు ఎవురన్నా కూర్చోబెట్టి చెప్తారా, నీళ్లు అన్నం ఎట్ల ఉంటాయి. డిసెంబర్ ఆఖరుకి ఫుల్ మాక్స్‌లో 500 దాటకుంటే అప్పుడే రెండో దారి సిద్ధం చేసుకోవాల, మూడోసారి లాంగ్ టర్మ్ అనే మాట వద్దు. ఆయుర్వేదం, హోమియో కూడా నీట్ ర్యాంకుతోనే. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, మహానందిలో వ్యవసాయ కాలేజీ ఉంది. నా దగ్గర చదివిన ఒక పిల్లోడు నాయన కోసం మూడేండ్లు నీట్ రాసి, ఆఖరికి ఏడ్చుకుంటా వెటర్నరీలో చేరినాడు, ఇప్పుడు మా ఊరి పక్క మండలంలో డాక్టరే, బర్రె ఈనేటప్పుడు రాత్రి రెండింటికి కూడా బండేసుకోని పోతాడు. ఆ పోయిన మూడేండ్లు మాత్రం ఇప్పటికీ తల్చుకుంటాడు.

చిన్నోని విషయం మాత్రం ఇప్పుడే నిర్ణయం తీసుకోండి, ఎందుకంటే ఇది చాలామందికి తెలీకుండా జరిగే నష్టం. ఇంటర్ పాసయ్యే ఏడాదితో కలిపి వెనక్కి నాలుగేండ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేండ్లు వరసగా ఎక్కడ చదివితే అక్కడి లోకల్. ఆ నాలుగేండ్లు హైదరాబాద్‌లో చదివితే ఇక్కడ ఎస్వీయూ పరిధిలో వానికి లోకల్ ఉండదు, 85 శాతం సీట్లు లోకల్ పిల్లలకే. పత్తికొండలోనో కర్నూల్లోనో వేయండి. ఆరు నుంచి ఇంటర్ దాకా ఇద్దరి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. పాపకి ఆలిండియా కోటాకి అప్లై చేయాలంటే రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు, సెంట్రల్ ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాల, మీ కులం సెంట్రల్ లిస్టులో ఉందా లేదా చూసుకోండి. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకటే ఉండాల, ఒక్క అక్షరం తేడాకి వెరిఫికేషన్ రోజు పిల్లల్ని పట్టుకోని ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్లని ఏటా చూస్తానే ఉన్నా.

అన్నిటికంటే ముందు పాప. తినడంలేదు, మాట్లాడడంలేదు అని రెండు వాక్యాల్లో రాసి మిగతా పేజీ అంతా డబ్బులు, సీట్ల గురించి రాసినారు, నాకు ఆ రెండు వాక్యాలే రాత్రంతా గుర్తుకొచ్చినాయి. ఇంటికొచ్చే చుట్టాల్ని మార్కులు అడగొద్దని మీరే చెప్పండి. రాత్రిపూట ఒంటరిగా వదలొద్దు, వాళ్లమ్మని పక్కన పడుకోమనండి. ఇట్లనే ఉంటే, లేకపోతే బతకడం ఎందుకు అనే మాట ఒక్కసారి వినిపించినా 14416కి ఫోన్ చేయండి, గవర్నమెంట్ టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ కూడా ఉంది, పోవడానికి సిగ్గు పడాల్సిన పని లేదు.

ఆదివారం పొద్దున బస్సుకి పాపని పిలుచుకోని రండి, నేను ఇంట్లోనే ఉంటా. ర్యాంకు కార్డు, ఓఎంఆర్ కాపీ తెచ్చుకోండి. మొదట నేను పాపతో ఒక్కదానితోనే మాట్లాడతా, అప్పటిదాకా మీరు బయట వరండాలో కూర్చోండి. తను డాక్టర్ కావాలనుకుంటాందా లేదా అనేది నాకింకా తెలీదు, మీ మెసేజ్‌లో యాడా లేదది.