వాకిట్ల ముగ్గు ఆగొద్దు

హన్మకొండ

చిన్నోడా,

దసరాకు ఎనిమిది రోజులు ఊరికి పోతున్నమని నువ్వు చెప్పంగనే నా పాణం మీ కొత్తింటి మీదికి పోయింది. పోవాలె బిడ్డా. పిల్లలు బతుకమ్మ ఆడాలె, పెద్దోళ్ల చేతుల జమ్మి పెట్టి కాళ్లు మొక్కాలె. కాని ఇల్లు ఎట్ల ఇడిసి పోవాల్నో ఫోన్‌ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న.

మేం కుమార్‌పల్లిల కిరాయికి ఉన్నప్పుడు మేడారం జాతరకు పోయి మూడు రోజులకు వచ్చినం. తాళం వేసింది వేసినట్టే ఉంది, గొళ్లెమే ఊడి దానికి వేలాడుతుంది. చిన్న స్క్రూలతోని బిగించిన గొళ్లెం, ఒక్క రాడుతోని లేపిండ్రు. బీరువాను పగలగొట్టే పనే పడలేదు వాళ్లకు. తాళంచెవి బీరువా మీద పేపర్ కింద పెట్టి పోయినం. మీ నాయినమ్మ గుండ్లదండ పోయింది. స్టేషన్‌ల ఎన్ని తులాలని అడిగితే చెప్పరాలేదు. చిట్టీ లేదు, ఫోటో లేదు. అమ్మ అయిదారు దినాలు సరిగ అన్నం తినలేదు. ఆ బాధ నీ ఇంట్ల రావద్దు.

అందుకే ముందుగాల గొళ్లెం చూడు. స్క్రూలు తీసేసి, దర్వాజ అవుతల నుంచి ఇవుతలికి బోల్టు దూర్చి, లోపల నట్టు బిగించాలె. ఏడు లివర్ల తాళం కొన్నవంటివి, మంచిదే. కాని గొళ్లెం గట్టిగ లేకుంటే అది ఉత్తదే. వెనుక తలుపుకు లోపలి నుంచి అడ్డగడియ పెట్టు. ముందు గ్రిల్‌కు వేసిన తాళం రోడ్డు మీదికి కనపడకుండ ఒక పరదా కట్టు.

బంగారం సంగతి కోడలితోని కూసొని మాట్లాడు. పండుగకని లాకర్ల నుంచి తీస్తం, వరుసగ సెలవులొస్తే బ్యాంకు మూసి ఉంటది, మళ్ల పెట్టే మోక దొరకదు. ఊరికి వేసుకపోయేది వేసుకపోయి, మిగిలింది బయలెల్లే రెండు దినాల ముందే లాకర్ల పెట్టుండ్రి. పెట్టే ముందు ఒక్కో సొమ్మును ఫోటో తియ్యి, తూకం రాసిపెట్టు. 2022 జనవరి 1 నుంచి వచ్చిన ఆర్‌బీఐ రూల్స్ ప్రకారం లాకర్ల దొంగతనమైనా, నిప్పంటుకున్నా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది కిరాయికి 100 రెట్ల దాకనే. కిరాయి 3 వేలైతే 3 లక్షలు. అయినా ఇంట్ల పెట్టుడు కంటె లాకరే నయం.

ఇగ అన్నిటికంటె పెద్ద మాట. ఇల్లు ఖాళీగ ఉందని దొంగకు చెప్పేది వాకిలి. పండుగ దినాలల్ల గల్లీ అంత పొద్దుగాలనే సాన్పి చల్లి ముగ్గులేస్తరు. నీ ఒక్క వాకిట్లనే ముగ్గు లేకుంటే, గేటు కాడ పేపర్లు పడి ఉంటే, పగటి పూట గూడ బయటి లైటు ఎలుగుతుంటే ఎవరికైనా తెలిసిపోతది. పేపర్, పాలు ఆపించు. ఎదురింటక్కను అడిగి దినం మీ వాకిట్ల గూడ రెండు గీతలు గియ్యమను. కొత్తగ వచ్చినం, ఎట్ల అడగాలె అనకు. ఊరి నుంచి సకినాలు తెచ్చి చేతుల పెట్టు, నీ పనికి వాళ్లు మొఖం తిప్పుకోరు. చీకటైతే ఎలిగి, తెల్లారితే ఆరే సెన్సర్ బల్బు దొరుకుతది, అది పెట్టు.

స్టేషన్‌ల చెప్పిపో. అడ్రసు, ఫోన్ నంబరు, ఏ తారీకు దాకా ఉండరో రాసిస్తే రాత్రి గస్తీకి వచ్చేటోళ్లు ఆ దిక్కు ఒకసారి చూస్తరు. కెమెరా పెట్టించిన్నవు గద, దాని రికార్డింగ్ డబ్బా ముందు రూంలనే ఉంది, లోపలికి మార్పించు. కెమెరాలను, వైఫైని ఇన్వర్టర్ మీద పెట్టు. కరెంటు తీసేస్తే కెమెరా గుడ్డిదైతది.

గ్యాస్ రెగ్యులేటర్ ఆపు. నల్లా రాని యాళ్ల తిప్పి ఇడిసిపెడితే నీళ్లొచ్చినప్పుడు ఇల్లు చెరువైతది, అన్నీ చూసుకో. ట్యాంకు మూత మీద రాయి పెట్టు, మన దిక్కు కోతులకు మూత తీసుడు పని గాదు. 2023 జులై వానలకు మన హన్మకొండల కాలనీలే మునిగినయి, అందుకని ఇంటి కాగితాలు బీరువా కింది అరల ఉంచకు.

బతుకమ్మ ఫోటోలు స్టేటస్‌ల పెట్టుడు ఇంటికొచ్చినంకనే. పిల్లలకు గూడ ఇది చెప్పు. వాళ్లు తెల్వక పెడ్తరు.

ఎవరన్న ఫోన్ చేసి తాళం ఇరిగిందంటే, లోపలికి పోవద్దని, ఏం ముట్టుకోవద్దని ముందు చెప్పు. క్లూస్ టీం వచ్చేదాక ఏలిముద్రలు ఉండాలె. నువ్వు 100కు గాని 112కు గాని చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. ఏ రాత్రైనా సరే.

దర్వాజ చెక్క ఎంత మందం ఉందో కొలిచి ఈ మాపటికల్ల చెప్పు. దానికి సరిపోయే బోల్టులు, పానా పట్టుకొని ఐతారం పొద్దుగాల నేనే వస్త.

మీ పెద్దనాయిన