టీచరు గొంతుకు చట్టం రక్షణ ఉందా?

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. 14 ఏళ్ల సర్వీసు. ఏడో తరగతి ఒకటే సెక్షన్, 58 మంది పిల్లలు. కిటికీ పక్కనే బస్సుల రోడ్డు. నెల రోజులుగా గొంతు బొంగురుపోయింది. దీన్ని ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బుగా గుర్తిస్తారా? సెలవు ఎలా పెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

జవాబు: టీచరుగారూ, ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర స్వరపేటికను కెమెరాతో చూపించుకోండి. మూడు వారాలు దాటిన బొంగురును కషాయాలతో నెట్టుకురావద్దు. గొంతు పెంచినప్పుడల్లా స్వరతంత్రులు రెండూ ఒకే చోట కొట్టుకుంటాయి. చెప్పు ఒరిసిన చోట కాలికి కాయ కాసినట్టు అక్కడా కాస్తుంది. వాటినే నాడ్యూల్స్ అంటారు. తొలిదశలో చాలావరకు స్పీచ్ థెరపీతో తగ్గుతాయి.

ఇక గుర్తింపు సంగతి. మన దేశంలో వృత్తి వ్యాధుల జాబితాలో చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఉంది, గొంతు జబ్బు లేదు. స్పెయిన్ 2006లోనే టీచర్ల నాడ్యూల్స్‌ను ఆ జాబితాలో చేర్చింది. పోలండ్‌లో కనీసం 15 ఏళ్లు గొంతుకు శ్రమ ఇచ్చే పని చేసినవారికి ఆ గుర్తింపు ఉంది. ఇక్కడా రావాల్సిందే. టీచర్ల సంఘాలు పీఆర్సీ (వేతన సవరణ)తో పాటు దీన్నీ అడగాలి.

సెలవుకు దారి ఉంది. హాఫ్ పే లీవు (సగం జీతపు సెలవు) ఏడాదికి 20 రోజుల చొప్పున మీకు 280 జమై ఉండాలి. ఏమీ వాడకపోతే, మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూట్ చేసి (పూర్తి జీతపు సెలవుగా మార్చుకుని) 140 రోజుల దాకా పూర్తి జీతంతో తీసుకోవచ్చు. ఒక రోజుకు ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయి. సర్టిఫికెట్‌లో ఉత్త ‘గొంతునొప్పి’ అని కాకుండా జబ్బు పేరు, ఎన్ని రోజులు మాట్లాడకూడదో రాయించుకోండి. చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

అసలు కారణం గదిలోనే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 6–8 తరగతుల్లో 35 మందికి కనీసం ఒక టీచరుండాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: అది స్కూలు మొత్తం లెక్క, సెక్షన్ లెక్క కాదు. కాబట్టి 58 మంది ఉన్నారన్న ఒక్క కారణంతో సెక్షన్ దానంతట అది విడిపోదు, మీరే అడగాలి. ఏడో తరగతిని రెండు సెక్షన్లు చేయాలని ఎస్‌ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ)లో తీర్మానం రాయించి విద్యాశాఖ అధికారులకు పంపండి.

హారన్ల విషయంలో, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు స్కూలు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలిచ్చాయి. అక్కడ హారన్ కొట్టకూడదు, పగటి పరిమితి 50 డెసిబెల్స్. అయితే 2017 సవరణ తర్వాత ప్రభుత్వం నోటిఫై చేసిన చోటే అది వర్తిస్తుంది. మీ స్కూలు నోటిఫై అయిందో లేదో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగండి. నోటిఫై అయి ఉంటే డీఎస్పీకి, కాకపోతే నోటిఫై చేయమని కలెక్టరుకు, తేదీలు, వేళలతో అర్జీ ఇవ్వండి.

ప్రశ్న: నడుముకు కట్టుకునే మైకు కొన్నాను. కుయ్యిమని కూత పెడుతోంది.
– ఒక ఉపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: స్పీకరులోంచి వచ్చిన మాట మళ్లీ మైకులోకి పోతోంది. స్పీకరును బల్ల మీద పిల్లల వైపు తిప్పిపెట్టి మీరు దాని వెనక నిలబడండి. మైకు పెదవి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉండాలి. దూరం ఎక్కువైతే సౌండ్ పెంచుతారు, అప్పుడే కూత మొదలవుతుంది.