వగరు తెలిసిన నాలుకకు వైన్ కొత్తదేమీ కాదు

మీరు అడిగింది ఇది: “విదేశాలకు వెళ్లినప్పుడు గైడు దగ్గరుండి వైన్ రుచి చూపించి, దానికి తోడుగా తిండి పెట్టే కార్యక్రమాలు ఉంటాయి కదా. వైన్ గురించి ఏమీ తెలియని మనలాంటి వాళ్లకు అందులో ఏమైనా అర్థమవుతుందా, లేక డబ్బు దండగా?”

అర్థమవుతుంది. ఇంకా చెప్పాలంటే మనకే ఎక్కువ అర్థమవుతుంది. ముప్పై ఏళ్లుగా వంటింట్లో ఉప్పు చూస్తున్న నాలుకతో ఈ మాట అంటున్నాను.

మా అమ్మాయి జార్జియా దేశంలో, టిబిలిసిలో వైద్యం చదువుతోంది. కిందటి ఏడాది దసరా సెలవులకు నేనూ మావారూ దాన్ని చూడటానికి వెళ్లాం. ఆయన చుక్క ముట్టరు. నేను అంతకు ముందు ఒకే ఒక్కసారి వైన్ రుచి చూశాను. ఆ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలోని భయం నాకు అక్కడే పుట్టింది.

మా కళాశాల అధ్యాపకులం కొందరం కలిసి త్ర్యంబకేశ్వరం వెళ్లాం. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు ఆనని గోదావరి అక్కడ సన్నటి నీటిచారగా పుట్టడం చూసి, తిరిగి వస్తూ నాసిక్ బయట ఒక ద్రాక్షతోటలో ఆగాం. ఇరవై నిమిషాల్లో ఐదు గ్లాసులు, ఒక్కోదాంట్లో రెండేసి గుక్కలు. గైడు కుర్రవాడు ఎక్కం అప్పజెప్పినట్టు “ఇందులో బ్లాక్‌కరెంట్, ఇందులో లిచీ, ఇందులో కాల్చిన ఓక్ చెక్క” అంటూ పోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను బ్లాక్‌కరెంట్ పండును కంటితో కూడా చూడలేదు, ఇక దాని వాసన ఎలా పడతాను? పళ్లెంలో నాలుగు చీజ్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు పెట్టారు. ఏది దేనితో ఎందుకు తినాలో ఒక్క మాట చెప్పలేదు. లోపం నా నాలుకలోనే ఉందనుకుని బయటికొచ్చాను. ఇలా మనుషులకు వాళ్ల నోటి మీద వాళ్లకే నమ్మకం పోగొట్టేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపం.

జార్జియాలో జరిగింది వేరు. టిబిలిసి నుంచి తూర్పుగా రెండు గంటలు ప్రయాణిస్తే కాఖేతి ప్రాంతం వస్తుంది. ఆ దేశపు వైన్‌కు అది గుండెకాయ. కొండ మీద సిగ్నాగి అనే ఊరు, చుట్టూ పాత కోటగోడ, కింద అలజాని లోయ పొడవునా ద్రాక్షతోటలు, ఆవల కాకసస్ పర్వతాలు. టిబిలిసికి దక్షిణాన తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్లో సుమారు 8000 ఏళ్ల నాటి ద్రాక్షవైన్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇంత పాత ఆధారం అప్పటిదాకా మరెక్కడా దొరకలేదు. మేం వెళ్లింది పెద్ద వైనరీకి కాదు. మా అమ్మాయి అద్దెకుండే ఇంటావిడ బంధువులు ఆ లోయలోని ఒక పల్లెలో ఉంటారు. ముందుగా చెప్పి వెళ్తే పదిమంది దాకా కూర్చోబెట్టి రుచి చూపిస్తారు, భోజనం పెడతారు. పెద్దాయన వైన్ చేస్తాడు, కోడలు ఇంగ్లీషులో వివరిస్తుంది.

ముందు వాళ్ల మరానిలోకి తీసుకెళ్లారు. మరాని అంటే వైన్ తయారుచేసే గది. లోపల పీపాలు, యంత్రాలు ఏమీ కనబడవు. నేలలో గుండ్రటి నోళ్లు మాత్రం ఉంటాయి. ఒక్కో నోటి కింద మెడదాకా పాతిపెట్టిన నిలువెత్తు మట్టి బాన. దాన్ని క్వెవ్రీ అంటారు. మన వైపు ధాన్యం పాతర వేసినట్టు వాళ్లు ద్రాక్షను పాతర వేస్తారు. మట్టి పీల్చుకోకుండా లోపలి వైపు తేనెమైనం పూస్తారు, కడగడానికి చెర్రీ చెట్టు బెరడుతో కట్టిన కుంచె వాడతారు. కాఖేతి పద్ధతిలో రసంతో పాటు తొక్కలు, గింజలు, తొడిమలు కూడా అందులోనే వేస్తారు. పులియడం ఆగాక మూత పెట్టి, మట్టితో కప్పి వసంతకాలం దాకా కదిలించరు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మేం వెళ్లింది కోతల కాలం. ఒక బాన మూత తీసి ఉంది. పైకి తేలిన తొక్కలు జానెడు మందాన గట్టి పొరలా కట్టుకుని ఉన్నాయి. చెవి దగ్గర పెడితే సన్నగా చిటచిటమంటోంది. వాసన అచ్చంగా వేసవిలో రాత్రంతా పొంగిన ఇడ్లీ పిండి గిన్నె మూత తీసినప్పటి వాసన, దానికి పండిన ద్రాక్ష తోడైతే ఎలా ఉంటుందో అలా. పెద్దాయన పొడుగాటి కర్రతో ఆ పొరను కిందికి తొక్కుతున్నాడు. రోజుకు మూడు నాలుగు సార్లు తొక్కాలట, లేకపోతే పైన బూజు పట్టి, పులిసిపోయి పాడవుతుందట. “మూడోనాడు ఆవకాయ తిరగకలిపినట్టే కదే!” అన్నాను మా అమ్మాయితో. అది నవ్వి ఆయనకు ఏదో చెప్పింది. ఆయన కర్ర నా చేతికిచ్చాడు. లోపల అది ఎంత బలంగా ఎదురు తన్నుతుందో చేత్తో పట్టుకుంటే గానీ తెలియదు.

తరువాత బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది.

మొదట పోసింది ర్కాత్సితేలి అనే తెల్లద్రాక్షతో చేసిన వైన్. తెల్లద్రాక్షే అయినా ఆరునెలలు తొక్కలతో కలిసి బానలో ఉండటం వల్ల చిక్కటి తేనె రంగులో ఉంది. గుక్క వేశాను. మొదట పులుపు తగిలింది. వెంటనే చిగుళ్లు, నాలుక పక్కలు ముడుచుకుపోయాయి. బల్ల చుట్టూ ఉన్న మిగతా దేశాలవాళ్లకు ఆ కోడలు టానిన్లనే పదార్థాల గురించి చెబుతోంది: నోరు ఆరిపోయినట్టు ఉంటుంది, ఇసుక కాగితంలా, వెల్వెట్‌లా అంటూ ఒక్క అనుభవానికి అరడజను ఉపమానాలు వెతుక్కుంటోంది. మా అమ్మాయి నా వైపు తిరిగి, “ఎలా ఉందమ్మా?” అంది.

“వగరు” అన్నాను.

ఒక్క మాట. పచ్చి అరటికాయ వగరు, వక్క వగరు, కరక్కాయ వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వేసేది దేనికో మన ఇళ్లలో ఏడేళ్ల పిల్లకు కూడా తెలుసు. పాశ్చాత్యుల లెక్కలో తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగుల్లో, మాంసంలో ఉండేలాంటి కమ్మటి రుచి) అని రుచులు ఐదు. వగరు అందులో లేదు, దాన్ని స్పర్శ కింద జమకడతారు. మన పెద్దలు షడ్రుచుల్లో దానికి సమానమైన పీట వేశారు. ఎర్ర వైన్‌ను, ఈ తేనెరంగు వైన్‌ను అర్థం చేసుకోవడంలో సగం పని వగరును గుర్తుపట్టడమే. ఆ సగం పని మనకు అన్నప్రాశన తరువాతి ఉగాదికే అయిపోయింది.

పెద్దాయనకు మా అమ్మాయి ఈ మాట ఎలా తర్జుమా చేసిందో గానీ, ఆయన లేచి వెళ్లి తోట నుంచి ఒక గుత్తి తెచ్చాడు. ఒక పండు నలిపి, రెండు గింజలు నా అరచేతిలో పెట్టి కొరకమన్నాడు. తరువాత పచ్చి తొడిమ. అదే వగరు, ఇంకా మొరటుగా. గ్లాసులోకి ఎక్కడి నుంచి వచ్చిందో రెండు గింజలతో చూపించాడు. నాసిక్ కుర్రవాడు చదివిన జాబితా అంతా కలిపినా ఈ రెండు గింజలతో సరితూగదు.

ఇప్పుడు తిండి సంగతి. పళ్లెంలో ఉప్పటి తెల్ల జున్ను (చీజ్), మట్టిపొయ్యి గోడకు అంటించి కాల్చిన పొడుగాటి రొట్టె, వేయించిన వంకాయ ముక్కల్లో అక్రోటు ముద్ద చుట్టిన బద్రిజాని ఉన్నాయి. ఆ అక్రోటు ముద్దలో వెల్లుల్లితో పాటు ఒక రకం మెంతి పొడి కూడా పడుతుంది. నోట్లో పెట్టగానే గుత్తివంకాయకు పినతల్లి కూతురిలా అనిపించింది. జున్ను ముక్క నమిలి మళ్లీ గుక్క వేస్తే వగరు సగానికి తగ్గి, వెనక నుంచి తీపిలాంటిది తేలింది. ఎండు ఉసిరిక నమిలి మంచినీళ్లు తాగినప్పుడు వస్తుందే, ఆ తీపి. నేను రసాయనశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి కారణం వెంటనే తట్టింది. టానిన్లనే ఈ వగరు పదార్థాలు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, అందుకే నోరు ఆరుతుంది. జున్నులోని ప్రొటీను, కొవ్వు ఎదురొస్తే వాటినీ పట్టుకుంటాయి, నోటికి కాస్త తెరిపి దొరుకుతుంది. అరటిపువ్వు వలిచి కనరు పోవడానికి మజ్జిగలో ఎందుకు వేస్తాం? ముదురు డికాషన్‌లో పాలు ఎందుకు పోస్తాం? మా అమ్మమ్మ ఒక్క పాఠం చదవకుండా చేసిన పని, వీళ్లు వైన్‌కు జున్ను జతచేయడం ఒకే సూత్రం. “ఫుడ్ పెయిరింగ్” అని పేరు పెట్టేసరికి మనవాళ్లు బెదిరిపోతారు. ముద్దపప్పుకు ఆవకాయ, పులుసుకు వడియాలు జతచేసే వాళ్లకు ఇందులో తెలియనిది ఏముంది?

తరువాత సపెరావి అనే నల్లద్రాక్ష వైన్ పోశారు. ఆ పేరుకు అర్థం రంగు వేసేది అని. మామూలు నల్లద్రాక్షలో తొక్క మాత్రమే నల్లన, దీనికి లోపలి గుజ్జూ ఎరుపే. గ్లాసు వంచి చూస్తే అంచు ఊదారంగు. తాగాక నాలుక మీద ఆ రంగు, పులుపు, వగరు అన్నీ కలిసి సరిగ్గా నేరేడు పండు. అలాగే చెప్పాను. అక్కడ ఎవరికీ నేరేడు తెలియదు. మా అమ్మాయి ఫోనులో బొమ్మ చూపించింది, కోడలు తన పుస్తకంలో ఆ పేరు రాసుకుంది. ఇంతకాలం బ్లాక్‌కరెంట్ తెలియదని మనం తల దించుకున్నాం, వాళ్లకు నేరేడు తెలియదని వాళ్లేమీ దించుకోలేదు. ఎవరి పళ్లతో వాళ్లు పోల్చుకోవాలి, అంతే. దీనికి తోడు ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాల్చిన మాంసం పెట్టారు. నేను తినను కాబట్టి రాజ్మాలాంటి చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె ఇచ్చారు. కూరలో ఉప్పు గట్టిగా ఉంది, ఆ ఉప్పు వైన్‌ను మెత్తబరిచింది.

అమ్మాయికోసం తీసుకెళ్లిన పచ్చళ్లు దాని సంచిలో ఉన్నాయి. గోంగూర రొట్టెకు రాసి తేనెరంగు వైన్‌తో తిని చూశాం. పులుపుకు పులుపు అద్భుతంగా కుదిరింది. పెద్దాయన రెండుసార్లు వేయించుకుని, లోపలికి వెళ్లి వాళ్ల పుల్ల ఆల్‌బుకరా పళ్ల (ప్లమ్) పచ్చడి తెచ్చి పక్కన పెట్టాడు. ఆవకాయ మాత్రం సపెరావి పక్కన నిలవలేదు. కారం మీద వైన్ పడితే మంట రెట్టింపవుతుంది, పండు రుచి పూర్తిగా పోతుంది. కాబట్టి ఎవరైనా “మన కారాలకు ఎర్ర వైన్ బాగుంటుంది” అంటే నమ్మకండి. చివర్లో చుర్చ్‌ఖేలా అని దారానికి గుచ్చిన అక్రోట్లను చిక్కబెట్టిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టి, మళ్లీ ముంచి చేసిన మిఠాయి ఇచ్చారు. మామిడి తాండ్ర పొర మీద పొర పోసి ఎండబెట్టే ఓపికే అదీ.

ఒక బాధ చెప్పుకోవాలి. మాతో పాటు బల్ల దగ్గర కూర్చున్న వాళ్లలో నలుగురు మన దేశంవాళ్లు, వేరే టూరు బస్సులో వచ్చారు. కూర్చుంటూనే “మొత్తం ఎన్ని గ్లాసులు ఇస్తారు?” అని అడిగారు. పోసింది పోసినట్టు మందు మింగినట్టు మింగి, ద్రాక్షతో చేసే సారా ఎప్పుడు తెస్తారని ఆరా తీశారు. ఒకావిడ పూసుకున్న సెంటుకు పక్కనున్న నాకు రెండో గ్లాసు వాసనే తెలియలేదు. ఆ ఇంటివాళ్లు ఏడాది కష్టాన్ని గ్లాసులో పోసి ఇస్తున్నారు. మనకెందుకు ఇంత తొందర? ఇంటి దగ్గర కూడా ఇంతే. పెళ్లిభోజనం తిని వచ్చినవాణ్ణి ఎలా ఉందని అడగండి, “బాగుంది” అంటాడు. పప్పుచారులో ఇంగువ ఎక్కువైందా, పులుపు చింతపండుదా మామిడిదా, ఒక్క మాట రాదు. కనరు, వగరు, కమ్మదనం, జిడ్డు, మాడు, చిరుచేదు అని ఇన్ని మాటలున్న భాష మనది. వాటిని వాడకుండా వదిలేసి, రుచి చెప్పడం వేరేవాళ్ల విద్య అనుకుంటున్నాం.

మావారి సంగతీ చెబుతాను, తాగనివాళ్లు వెళ్లొచ్చా అనే సందేహం మీకు రావచ్చు కాబట్టి. ఆయనకు అప్పుడే పిండిన సపెరావి రసం ఇచ్చారు. ఆయనా గింజలు కొరికారు, జున్ను తిన్నారు, మా అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

వెళ్లేటప్పుడు ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లకండి, సెంటు పూసుకోకండి. ఒకే రోజు ఐదు వైనరీలు తిప్పే టూరు కంటే ఒక్క ఇంట్లో మూడు గంటలు కూర్చోబెట్టేది చూసుకోండి. ప్రతి వైన్‌నూ ముందు ఒట్టిగా ఒక గుక్క, తిండి నమిలాక ఇంకో గుక్క తాగి తేడా చూడండి. ఎక్కువైతే ఉమ్మడానికి గిన్నె పెడతారు, అందులో తప్పేమీ లేదు. వీలైతే సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో వెళ్లండి, అప్పుడైతే బానలు తెరిచి ఉంటాయి. కర్ర ఒక్కసారి మీ చేతికి ఇమ్మని అడగండి, ఇస్తారు.